సైన్, కొసైన్ రేఖాచిత్రాలు – 3వ భాగం: ఐదు బిందువులతో తరంగం

గత భాగంలో ఏకాంక వృత్తం, అంటే వ్యాసార్ధం 1 ఉన్న వృత్తం, మీద తిరిగే బిందువును తీసుకొని, ఒక కోణం తిరిగిన తరువాత దాని ఎత్తు ఆ కోణపు సైన్ అనీ, నిలువు అక్షం నుంచి దాని దూరం, గుర్తుతో సహా, కొసైన్ అనీ నిర్వచించుకున్నాము. ఆ కోణాన్ని రేడియన్లలో అడ్డ అక్షం మీద పరచి, ప్రతి కోణం దగ్గర బిందువు ఎత్తును నిలువుగా గుర్తిస్తే వచ్చే వక్రరేఖే సైన్ రేఖాచిత్రం. ఒక చుట్టు పూర్తయ్యేసరికి కోణం 2పై, అంటే సుమారు 6.28 అవుతుంది, అక్కడి నుంచి పాత ఎత్తులే మళ్ళీ వస్తాయి కనుక ఆవర్తనం 2పై.

కొత్తగా గీసేవారు చాలామంది పైకొక అర్ధవృత్తాన్ని, కిందికొక అర్ధవృత్తాన్ని అతికించి తరంగం అంటారు. అర్ధవృత్తమైతే అక్షాన్ని నిట్టనిలువుగా తాకాలి. రెండు అక్షాలకూ ఒకే స్కేలు తీసుకున్నప్పుడు సైన్ వక్రరేఖ మూలబిందువును 45 డిగ్రీల వాలుతో దాటుతుంది. కోణం 0 నుంచి 30 డిగ్రీలకు పెరిగితే సైన్ 0.5 పెరుగుతుంది, 30 నుంచి 60కి దాదాపు 0.366 పెరుగుతుంది, 60 నుంచి 90కి మాత్రం 0.134 మాత్రమే. ఆర్యభటుడు 499 నాటి ఆర్యభటీయంలో పాదవృత్తాన్ని 24 సమభాగాలు చేసి, అర్ధజ్యల (వ్యాసార్ధంతో గుణించిన సైన్‌ల) విలువలకు బదులు వాటి పెరుగుదలలనే వరుసగా ఇచ్చాడు. మొదటిది 225, చివరిది 7. శిఖరం దగ్గర వక్రరేఖ ఎంత చదునవుతుందో ఆ రెండు సంఖ్యలే చెబుతాయి.

ఆకారం చేతికి వచ్చాక పెద్ద పట్టికలు అక్కరలేదు. ఒక ఆవర్తనాన్ని నాలుగు సమభాగాలు చేస్తే వచ్చే ఐదు బిందువులు చాలు: సైన్‌కు వరుసగా 0, 1, 0, −1, 0, కొసైన్‌కు 1, 0, −1, 0, 1. సైన్ రేఖనే పై/2 ఎడమకు జరిపితే కొసైన్ వస్తుంది కాబట్టి దాన్ని విడిగా నేర్చుకోనవసరం లేదని నా అభిప్రాయం.

ఇక అసలు చిక్కు. వై = 3 సైన్ (2ఎక్స్ − పై/3) గీయాలనుకుందాం. ముందున్న 3 కంపన పరిమితి, అంటే అక్షం నుంచి శిఖరం ఎత్తు. ఎక్స్ గుణకం 2 కనుక ఆవర్తనం 2పైలో సగం, అంటే పై. జరుగుబాటును పై/3 అని రాయడమే ఇక్కడ అందరూ చేసే పొరపాటు. కుండలీకరణంలోని మొత్తం సున్న అయ్యే చోటే తరంగం మొదలవుతుంది; 2ఎక్స్ = పై/3 కావాలంటే ఎక్స్ = పై/6 కావాలి. అక్కడి నుంచి ఆవర్తనంలో నాలుగో వంతు, అంటే పై/4 చొప్పున ముందుకు వెళితే పై/6, 5పై/12, 2పై/3, 11పై/12, 7పై/6 వస్తాయి. వాటి వద్ద ఎత్తులు 0, 3, 0, −3, 0. వీటిని శిఖరాల దగ్గర గుండ్రంగా, అక్షం దగ్గర దాదాపు తిన్నగా కలపాలి.

వచ్చే భాగానికి ముందు వై = 2 కొసైన్ (3ఎక్స్ + పై/2) గీయండి. మీ రేఖ మూలబిందువు గుండా కిందికి దిగాలి. మూలబిందువు గుండానే పోతూ పైకి ఎక్కుతుంటే, పై/6 జరపవలసిన చోట పై/2 జరిపి ఉంటారు.