స్పేస్‌బార్ గలగల ఇలా ఆగింది
కిట్ తెప్పించుకుని ఇంట్లోనే మెకానికల్ కీబోర్డ్ బిగించాను. మిగతా కీలన్నీ ముద్దుగా పలుకుతుంటే స్పేస్‌బార్ ఒక్కటే గలగలమంటోంది. లోపం కీ కింది స్విచ్‌లో లేదు, పొడవాటి కీని ఏ చివర నొక్కినా సమంగా దించే స్టెబిలైజర్ తీగలో ఉంది.

స్విచ్‌లను గుచ్చి పెట్టే హాట్‌స్వాప్ బోర్డు కాబట్టి టంకం జోలికి పోకుండానే స్విచ్‌లు పీకి, స్టెబిలైజర్ విప్పాను. తీగను అద్దం మీద పెట్టి ఒక కొన నొక్కితే రెండోది పైకి లేచింది. వంకర అక్కడే దొరికిపోయింది! నోస్ ప్లయర్‌తో కొద్దికొద్దిగా వంచుతూ, రెండు కొసలూ అద్దానికి ఆనేదాకా సరిచేశాను. ఈ పనికి ఎంత ఓపిక పట్టినా తక్కువే.

తర్వాత తీగ కొసలకు డైఎలక్ట్రిక్ గ్రీజు (చిక్కటి సిలికోన్ గ్రీజు) దట్టంగా, ప్లాస్టిక్ గూళ్ల లోపల క్రైటాక్స్ 205జీ0 అనే కందెన పల్చగా రాశాను. గలగల పోయింది. స్విచ్‌లకు మాత్రం డైఎలక్ట్రిక్ గ్రీజు రాయకండి, కీలు బరువెక్కి మందగిస్తాయి.