వంగలో పుచ్చులకు మందు కన్నా ముందు కత్తెర

మిద్దెతోటలో వంగ చిగురు సాయంత్రానికి తల వాల్చింది, కుండీలో మట్టేమో తడిగానే ఉంది. అది నీళ్ల కొరత కాదు, కొమ్మ, కాయ తొలుచు పురుగు. తల్లి పురుగు ఆకుల అడుగున, మొగ్గల మీద విడివిడిగా గుడ్లు పెడుతుంది. పిల్ల పురుగు గుడ్డులోంచి వచ్చిన కాసేపటికే లేత కొమ్మలోకి, కాయలు మొదలయ్యాక ముచ్చిక కిందినుంచి కాయలోకి దూరిపోతుంది. ఆ తర్వాత పచ్చిమిర్చి–వెల్లుల్లి కషాయం ఎంత ఘాటుగా కొట్టినా దానికి తగలదు. చాలామంది ఇక్కడే విసిగిపోయి వంగ పెంచడమే మానేస్తారు.

అందుకే ముందు కత్తెర. వాడిన కొమ్మను వాడిన చోటికి అంగుళం కిందికి కత్తిరించి, చీల్చి చూడండి. పురుగు కనబడకపోతే ఇంకాస్త కిందికి దిగిందన్నమాట, సొరంగం లేని ఆకుపచ్చ భాగం వచ్చేదాకా కోయాలి. వారానికి రెండుసార్లు మొక్కలన్నీ చూడాలి. పుచ్చు పట్టిన వంకాయలను, కోసిన కొమ్మలను కంపోస్టులో వేయకండి, ప్లాస్టిక్ కవరులో మూతి బిగించి కొన్నాళ్లు ఎండలో పడేయండి. కాయ మీద పెద్ద రంధ్రం ఉందంటే సాధారణంగా పురుగు అప్పటికే బయటపడి, రాలిన ఆకుల్లోనో మట్టిలోనో గూడు కట్టుకుని ఉంటుంది. కాబట్టి కుండీల కింద చెత్త ఊడ్చేయాలి.

పిచికారీ గుడ్ల దశకు, అప్పుడే పొదిగిన పిల్లలకు మాత్రమే. లీటరు నీటికి 50 గ్రాముల వేపగింజల పప్పు పొడి. పలుచటి గుడ్డలో మూటకట్టి ఉదయం నానబెట్టండి. సాయంత్రం పాలలా తెల్లటి రసం వచ్చేదాకా పిండి, రెండుసార్లు వడకట్టి, కాస్త కుంకుడు రసం కలపండి. ఆకుల అడుగు తడిసేలా అప్పుడే కొట్టేయండి. ఎండకు వేప గుణం పోతుంది, నిల్వ ఉంచినా పనిచేయదు. ఏడాది దాటిన గింజల్లో పస ఉండదు. వారం, పది రోజులకోసారి మళ్లీ కొట్టాలి, వాన పడితే ఇంకా ముందే.

నాలుగైదు కుండీలే అయితే సన్న కన్నాల నైలాన్ వల అన్నిటికన్నా మేలు. కాకపోతే మొక్క చిన్నగా, పురుగు లేకుండా ఉన్నప్పుడే కట్టాలి, అంచులు కుండీకి బిగించాలి. లోపలికి తేనెటీగలు రావు గనుక, పూత వేళ ఉదయం పూలను వేలితో మెల్లగా తట్టండి, లేకపోతే పిందె సరిగా నిలవదు.