తరగతిలో కార్న్‌ఫ్లోర్ ముద్ద: ఘనమా, ద్రవమా?

పదార్థ స్థితులను బోధించేటప్పుడు రాయిని ఘనానికి, నీటిని ద్రవానికి ఉదాహరణలుగా చూపి ఊరుకోకుండా, ఆ రెండింటి లక్షణాలనూ చూపే ముద్దను పిల్లల చేతనే కలిపించడం మేలు. నలుగురైదుగురి జట్టుకు ఒక వెడల్పాటి గిన్నె, రెండు కప్పుల కార్న్‌ఫ్లోర్, సుమారు ఒక కప్పు నీరు చాలు. మొక్కజొన్నలను మర పట్టించిన పసుపు పిండి ఇందుకు పనికిరాదు. మెత్తని తెల్లని పొడే కావాలి.

నీటిని కొద్దికొద్దిగా చేరుస్తూ వేళ్లతో నెమ్మదిగా కలపాలి. వేలు మెల్లగా దించితే మునిగి, పిడికిలితో గుద్దితే గట్టిగా అడ్డుకుంటే పాకం కుదిరినట్టే.

గుప్పెడు ముద్దను ఉండగా చుట్టమనండి. అరచేతులు కదులుతున్నంతసేపూ నిలిచిన ఆ ఉండ, చేతులు ఆగగానే వేళ్ల సందుల నుంచి ధారలుగా కారిపోతుంది. చూసినది పిల్లలు నోటుపుస్తకంలో రాసేదాకా కారణం చెప్పకపోవడమే మంచిదని నా అభిప్రాయం. నెమ్మదిగా కదిపినప్పుడు నీటిలోని పిండి రేణువులు ఒకదాని పక్కనుంచి ఒకటి జారిపోతాయి. హఠాత్తుగా గుద్దినప్పుడు ఒరుసుకుని ఇరుక్కుపోతాయి. ఇది వేడికి మంచు కరగడం వంటిది కాదని, ఇక్కడ మార్పుకు కారణం ఉష్ణోగ్రత కాక బలమేనని తప్పక వివరించాలి.

మిగిలిన ముద్దను సింకులో పోయరాదు. అది పేరుకుని గొట్టం పూడుకుపోతుంది. ఆరబెట్టి చెత్తబుట్టలో వేయాలి.