కరెంటు పోతే ఇండెక్స్‌లో చివరి ఎంట్రీలు పోతున్నాయా?

వరంగల్ ఎనుమాముల మార్కెట్‌లో ఒక అడ్తి దుకాణానికి సి భాషలో రాసిన లెక్కల ప్రోగ్రాం చూస్తుంటాను. మిర్చి సీజన్‌లో కరెంటు పోయి వచ్చిందంటే ఫోన్ వస్తుంది: "చివరి తక్‌పట్టీలు (అమ్మకం రసీదులు) వెతికితే దొరకట్లేదు". డేటా ఫైల్‌లో ఉంటాయి, ఏ రికార్డు ఎక్కడుందో చూపే ఇండెక్స్ ఫైల్‌లో ఉండవు.

ప్రోగ్రాం తన దగ్గర పోగేసుకున్న రాతను బయటికి పంపే సి ఫంక్షన్ ఎఫ్‌ఫ్లష్. ముందు అది ఏం తిరిగిచ్చిందో చూడండి. సున్నా కాకుండా ఈఓఎఫ్ (తప్పు జరిగిందనే గుర్తు) వస్తే రాత జరగలేదు. చాలాసార్లు డిస్క్ నిండి ఉంటుంది. ఈ ఒక్క లైను చూడకుండా ఇండెక్స్‌ను నడిపే బీ-ట్రీ కోడంతా తిరగరాసినవాళ్లను ఎంతమందినో చూశాను. దయచేసి చూడండి.

సున్నాయే వచ్చినా ఎంట్రీలు పోతుంటే, నన్ను వారం రోజులు తిప్పిన కారణం ఇదే. ఎఫ్‌ఫ్లష్ మన ప్రోగ్రాం బఫర్‌ను (ఆ పోగేసిన రాతను) ఆపరేటింగ్ సిస్టమ్ గుండెకాయ అయిన కెర్నెల్‌కు అప్పజెబుతుంది, అంతే. అక్కడ అది ఇంకా ర్యామ్‌లోనే ఉంటుంది. లైనక్స్ మామూలు సెట్టింగ్‌లో 30 సెకన్లు దాటితేగానీ దాన్ని డిస్క్ మీదికి రాయాల్సినంత పాతదిగా లెక్కగట్టదు. నేను ప్రోగ్రాంను బలవంతంగా చంపే కిల్ -9 కమాండ్ కొట్టి పరీక్షించాను, ఒక్క ఎంట్రీ కూడా పోలేదు. పోదు కూడా, చచ్చింది ప్రోగ్రాం, కెర్నెల్ బతికే ఉంది. కరెంటు పోతే రెండూ పోతాయి.

ఎఫ్‌ఫ్లష్ తర్వాత ఫైల్‌నో ఫంక్షన్‌తో డిస్క్రిప్టర్ (కెర్నెల్ ఆ ఫైల్‌కు ఇచ్చిన నంబరు) తీసుకుని, కెర్నెల్ దగ్గరున్నదాన్ని డిస్క్ మీదికి రాయించే ఎఫ్‌సింక్ పిలవాలి. ముందు ఎఫ్‌సింక్, తర్వాత ఎఫ్‌ఫ్లష్ అంటే లాభం లేదు, మన బఫర్‌లో ఉన్నది ఎఫ్‌సింక్‌కు తెలియదు. డేటా ఫైల్‌కు ముందు, ఇండెక్స్‌కు తర్వాత చేయండి. లేకపోతే డిస్క్ మీద లేని రికార్డును ఇండెక్స్ చూపిస్తుంది. ప్రతి ఫీల్డుకూ పిలిస్తే హార్డ్ డిస్క్ మీద కౌంటర్ దగ్గర క్యూ ఆగిపోతుంది, తక్‌పట్టీ పూర్తయ్యాక ఒక్కసారి చాలు.

ఎఫ్‌సింక్ ఫెయిలైతే మళ్లీ పిలిచి, సున్నా వచ్చిందని నమ్మకండి. లైనక్స్ ర్యామ్‌లోని ఆ పేజీలను (డేటా ముక్కలను) రాసేసినట్టే గుర్తుపెట్టుకోవచ్చు. డిస్క్ సంగతి చూసుకుని, డేటా ఫైల్ నుంచి ఇండెక్స్ మళ్లీ కట్టండి. కొత్త పేరుతో రాసి, ఎఫ్‌సింక్ చేసి, రీనేమ్ చేశాక ఆ డైరెక్టరీని కూడా తెరిచి ఎఫ్‌సింక్ చేయాలి.

విండోస్‌లో ఎఫ్‌సింక్ బదులు అండర్‌స్కోర్ కమిట్ (_commit) ఫంక్షన్. డిస్క్ సొంత క్యాష్ రాయకుండానే రాశానని అబద్ధం చెప్పడం అరుదు, దాన్ని చివరికి వదిలేయండి.

సరిచేశాక కిల్‌తో తేల్చుకోవద్దు. వర్చువల్ మెషీన్‌లో ఎంట్రీలు కొడుతూ దాన్ని ఒక్కసారిగా పవర్ ఆఫ్ చేసి, మళ్లీ తెరిచి చివరి నంబరు వెతకండి.