ఎన్‌ఎంఆర్‌కు శాంపిల్ తయారు చేయడం

ఎన్‌ఎంఆర్ అంటే శాంపిల్‌ను అయస్కాంత క్షేత్రంలో పెట్టి అణువు నిర్మాణం తెలుసుకునే పద్ధతి. అందులో హైడ్రోజన్‌లను చూపే ప్రోటాన్ స్పెక్ట్రం బాగా రాకపోతే ముందు మిషన్‌నే అనుమానిస్తాం. చాలాసార్లు తేడా ట్యూబులో ఉంటుంది.

మామూలు ఆర్గానిక్ కాంపౌండ్‌కు 5 నుంచి 10 మిల్లీగ్రాములు చాలు. కార్బన్ స్పెక్ట్రం కూడా తీయాలంటే 30 నుంచి 50 దాకా వేయండి. కార్బన్-13 ప్రకృతిలో ఉన్నదే 1.1 శాతం, తక్కువ వేస్తే స్కాన్లు రాత్రంతా నడపాల్సి వస్తుంది. ప్రోటాన్‌కు మాత్రం మరీ ఎక్కువ వేయకండి, ద్రావణం చిక్కబడి పీకులు (స్పెక్ట్రంలోని శిఖరాలు) వెడల్పవుతాయి.

ముందు చిన్న వయల్‌లో 0.6 మిల్లీలీటర్ల సీడీసీఎల్3 (హైడ్రోజన్ బదులు డ్యుటీరియం ఉన్న క్లోరోఫాం) పోసి కరిగించండి. పాశ్చర్ పిపెట్ మెడలో కాస్త దూది బిగించి, దాని గుండా 5 మిల్లీమీటర్ల ట్యూబులోకి వడకట్టండి. ఎత్తు 4 నుంచి 4.5 సెంటీమీటర్లు రావాలి. అంతకంటే తగ్గితే ద్రావణం అంచు సంకేతాన్ని అందుకునే కాయిల్‌కు దగ్గరపడి అక్కడ అయస్కాంత క్షేత్రం చెదురుతుంది, షిమ్ (క్షేత్రాన్ని అంతటా సమంగా సర్దడం) కుదరదు. కరగని రేణువులు ఉన్నా అంతే.

పీకులు వెడల్పుగా ఉంటే స్పెక్ట్రం స్కేలు మీద 7.26 పీపీఎం దగ్గరున్న, ద్రావకంలో మిగిలిన మామూలు క్లోరోఫాం పీకును దగ్గరగా చూడండి. అన్నీ ఒకే తీరుగా ఒక పక్కకు వాలి ఉంటే షిమ్ సరిగా లేదు. క్లోరోఫాం సన్నగా ఉండి మీ కాంపౌండ్ పీకులే ఉబ్బితే, కాపర్ లాంటి పారామాగ్నెటిక్ (అయస్కాంతానికి ఆకర్షితమయ్యే) లోహం మిగిలిందేమో చూడాలి. కాపర్ వాడే క్లిక్ రియాక్షన్ తర్వాత ఇది తరచూ జరుగుతుంది. లోహాన్ని పట్టుకునే ఈడీటీఏ ద్రావణంతో కడిగితే పోతుంది, షిమ్ ఎంత చేసినా పోదు. ఓహెచ్, ఎన్‌హెచ్ పీకులు మాత్రమే వెడల్పుగా ఉంటే కంగారు వద్దు. ఒక చుక్క డీ2ఓ (భారజలం) వేసి బాగా కుదిపి మళ్లీ తీయండి, ఆ పీకులు మాయమవుతాయి.

1.26, 2.05, 4.12 దగ్గర మూడు పీకులూ కనిపిస్తే అది మిగిలిపోయిన ఇథైల్ అసిటేట్ ద్రావకం. శాంపిల్‌ను డైక్లోరోమీథేన్‌లో కరిగించి రెండుసార్లు రోటావేపర్ (ద్రావకాన్ని ఆవిరి చేసే పరికరం) మీద ఆరబెట్టండి. 2.17 అసిటోన్, అంటే కడిగిన ట్యూబు ఆరలేదన్నమాట. ట్యూబులను వేడి ఓవెన్‌లో నిలబెట్టకండి, వంగిపోతాయి. గది ఉష్ణోగ్రతలోనే వాక్యూమ్ పెట్టండి.

పాత సీడీసీఎల్3లో ఆమ్లం చేరుతుంది. ఆమ్లానికి తట్టుకోలేని అసిటాల్ లాంటివి ట్యూబులోనే విరిగిపోతాయి కాబట్టి వాటికి వాడే ముందు ఆ ద్రావకాన్ని బేసిక్ (క్షార) అల్యూమినా గుండా పంపండి. శాంపిల్ తిరిగి కావాలనుకుంటే డీఎంఎస్ఓ ద్రావకం జోలికి వెళ్లకండి. అది మరిగేది 189 డిగ్రీల దగ్గర, రోటావేపర్‌లో సులువుగా పోదు.