ఆరోగ్య పథకం సాయం అడిగి తీసుకోవడం ఎలా: గోదావరి డెల్టా కుటుంబాలకు మానసిక వైద్యం, వైకల్య సేవల గురించి

ఆరోగ్య కార్డు బీరువాలో ఉన్నంత మాత్రాన వైద్యం అందదు. ఏ పథకం దేనికి డబ్బు చెల్లిస్తుందో, దేనికి చెల్లించదో ఆసుపత్రికి బయలుదేరక ముందే తెలుసుకోవాలి. 2007లో ఆరోగ్యశ్రీగా మొదలై ఇప్పుడు డాక్టర్ ఎన్టీఆర్ వైద్య సేవ పేరుతో నడుస్తున్న ఆంధ్రప్రదేశ్ రాష్ట్ర పథకం గురించి 104కు ఫోన్ చేసి అడగవచ్చు. కేంద్రం నడిపే ఆయుష్మాన్ భారత్ కింద కుటుంబానికి ఏడాదికి 5 లక్షల రూపాయల వరకు వైద్యం ఉంటుంది. పథకంలో చేరిన ఆసుపత్రులన్నీ అన్ని జబ్బులకూ గుర్తింపు పొంది ఉండవు కనుక, రోగిని చేర్పించే ముందు అక్కడ పథకం తరఫున రోగులకు సాయపడే ఉద్యోగి అయిన ఆరోగ్యమిత్రను కలిసి, ఈ చికిత్స జాబితాలో ఉందా, ఈ విభాగానికి ఈ ఆసుపత్రికి గుర్తింపు ఉందా, చేతి నుంచి పెట్టుకోవలసింది ఏమైనా ఉందా అని అడగడం మంచిది. అడ్వాన్సు కట్టేసిన తరువాత అడిగితే ఆ ప్రశ్నలకు బలం ఉండదు.

మానసిక వైద్యం దగ్గరకు వచ్చేసరికి కథ కొంత మారుతుంది. ఈ పథకాలు ప్రధానంగా ఆసుపత్రిలో చేర్చుకుని చేసే చికిత్సకు డబ్బిస్తాయి. దిగులు, ఆందోళన, నిద్రలేమి, తాగుడు అలవాటు వంటి వాటికి మాత్రం చాలావరకు ఓపీలోనే, అంటే ఆసుపత్రిలో చేరకుండా వచ్చి చూపించుకుని వెళ్తూ, నెలల తరబడి, మందులతోనూ మాటలతోనూ వైద్యం జరుగుతుంది. అందువల్ల కార్డు పట్టుకుని ప్రైవేటు ఆసుపత్రుల చుట్టూ తిరగడం కన్నా, కాకినాడ ప్రభుత్వ సర్వజన ఆసుపత్రి వంటి చోట మానసిక వైద్య విభాగపు ఓపీకి వెళ్లడమే చాలా కుటుంబాలకు సరైన దారి. అంత దూరం వెళ్లాలో లేదో తేల్చుకోలేనివారు ఫోన్‌లో మానసిక ఆరోగ్య సలహా ఇచ్చే టెలీ మానస్ నంబరు 14416కు ఫోన్ చేయవచ్చు. 2022 అక్టోబరులో మొదలైన ఈ ఉచిత సేవ రాత్రీ పగలూ పనిచేస్తుంది, తెలుగులో మాట్లాడవచ్చు. ముందు సలహాదారు మాట్లాడి, అవసరమైతే వైద్యుడికి కలుపుతారు.

డాక్టరు ముందు కూర్చున్నప్పుడు "మనసు బాగోలేదు" అని ఊరుకోకుండా, నిద్ర ఎన్నాళ్ల నుంచి పట్టడం లేదో, తిండి ఎంత తగ్గిందో, పనికి వెళ్లగలుగుతున్నారో లేదో, చనిపోవాలన్న ఆలోచన వచ్చిందో లేదో దాచకుండా చెప్పాలి. గాలి సోకిందనో, ఎవరో చేతబడి చేశారనో ముందు వేరే దారులు తొక్కి వచ్చి ఉంటే అది కూడా చెప్పవచ్చు, సిగ్గుపడనక్కరలేదు. రోగి వివరాలను గోప్యంగా ఉంచాలని 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం చెబుతోంది కనుక, పక్కన నిలబడ్డ బంధువును కాసేపు బయటకు పంపమని అడిగే హక్కు మీకుంది.

గోదావరి పాయల మధ్య దీవుల్లా ఉండే లంక గ్రామాల వారికి ఇంకొక జాగ్రత్త అవసరం. జులై, ఆగస్టు నెలల్లో గోదావరికి వరద వస్తే రేవులు దాటడం ఆగిపోతుంది. మూర్ఛ మందులైనా, మానసిక వ్యాధి మందులైనా ఉన్నట్టుండి ఆపితే జబ్బు తిరగబెట్టవచ్చు, ఫిట్సు కూడా రావచ్చు. కాబట్టి మేము ఏటి అవతల ఉంటామని జూన్‌లోనే డాక్టరుకు చెప్పి, వరద రోజులకు సరిపడా మందులు రాయమని అడగాలి. ఆ మందుల చీటీకి ఫోటో తీసి ఆశా కార్యకర్తకో, ఏఎన్‌ఎంకో కూడా ఇచ్చి ఉంచితే, పునరావాస కేంద్రంలో ఉన్నప్పుడు పేరు గుర్తురాక తడబడే ఇబ్బంది ఉండదు.

వైకల్యం ఉన్నవారి విషయానికొస్తే, 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం 21 రకాల వైకల్యాలను గుర్తించింది. మానసిక అనారోగ్యం కూడా అందులో ఒకటన్నది చాలామంది గమనించరు. ఆసుపత్రి ప్రభుత్వానిదైనా, ప్రైవేటుదైనా, అన్ని భాగాల్లోకీ అడ్డంకి లేకుండా వెళ్లగలిగేలా ఉండాలని, వైద్యంలో వైకల్యం ఉన్నవారికి ప్రాధాన్యం ఇవ్వాలని ఆ చట్టం 25వ సెక్షన్ చెబుతోంది. అయితే సెక్షన్ నంబరు చెప్పి వాదించడం కన్నా, ముందు రోజు ఫోన్ చేసి చక్రాల కుర్చీ కావాలనో, మెట్లు ఎక్కలేరు కనుక కింది అంతస్తులోనే చూడాలనో, చెవులు వినపడవు కనుక పేరు పిలిస్తే తెలియదని, చేయి ఊపి పిలవాలనో స్పష్టంగా చెబితే పని తొందరగా అవుతుంది. గ్రామ సచివాలయంలో, వైకల్యం ఎంత శాతమో తేల్చి ధ్రువపత్రం ఇచ్చే సదరం పరీక్షకు పేరు నమోదు చేయించుకోవాలి. చాలా ప్రయోజనాలకు వైకల్యం 40 శాతం లేదా అంతకు మించి ఉన్నట్టు ధ్రువపత్రం అడుగుతారు. ఆటిజం, సెరిబ్రల్ పాల్సీ, మేధోపరమైన వైకల్యం, బహుళ వైకల్యాలు ఉన్నవారికి కేంద్ర ప్రభుత్వ సంస్థ నేషనల్ ట్రస్టు నడిపే నిరామయ ఆరోగ్య బీమా లక్ష రూపాయల వరకు వర్తిస్తుంది. ఓపీ ఖర్చులకూ, థెరపీలకూ కూడా పనికొచ్చే బీమా అరుదు కనుక దీన్ని వదులుకోకూడదు.

ప్రైవేటు బీమా పాలసీ ఉన్నవారు గుర్తుంచుకోవలసింది, శరీర వ్యాధులకు వర్తించే ప్రాతిపదిక మీదే మానసిక వ్యాధులకూ బీమా ఇవ్వాలని పైన చెప్పిన 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 21వ సెక్షన్ ఆదేశిస్తోంది. క్లెయిమ్ కాదంటే, ఏ నిబంధన ప్రకారం కాదన్నారో రాతపూర్వకంగా తీసుకోండి, నోటిమాటతో సరిపెట్టుకోవద్దు. ముందుగా ఆ కంపెనీ ఫిర్యాదుల విభాగానికే రాయాలి. నెల రోజుల్లో జవాబు రాకపోయినా, వచ్చిన జవాబు నచ్చకపోయినా బీమా కంపెనీలపై ఫిర్యాదులు విచారించే అధికారి అయిన బీమా అంబుడ్స్‌మన్‌కు ఫిర్యాదు చేయవచ్చు. ఫీజు లేదు, లాయరు అక్కరలేదు, కానీ కంపెనీ తిరస్కరించిన నాటి నుంచి ఏడాదిలోపు చేయాలి.