టారిఫ్‌లు మారుతున్నప్పుడు విదేశాలకి పార్సిల్ పంపేముందు చూసుకోవాల్సినవి

టారిఫ్ (దిగుమతి సుంకం, దాన్నే డ్యూటీ అంటారు) పెంచారని వార్త రాగానే అందరూ కొరియర్ చార్జీ ఎంత పెరిగిందో చూస్తారు కానీ అసలు దెబ్బ అక్కడ కాదు, సరుకు అవతలి దేశంలో దిగాక కట్టే డ్యూటీలో ఉంటుంది. ఆ డ్యూటీ ఎంతో తేల్చేది మీరు కస్టమ్స్ కోసం నింపే డిక్లరేషన్‌లో మూడే మూడు విషయాలు, వస్తువు ఏంటి, ఎక్కడ తయారైంది, విలువెంత.

ముందు హెచ్ఎస్ కోడ్, అంటే కస్టమ్స్ వాళ్ళు ఒక్కో రకం వస్తువుకి ఇచ్చే నంబరు, పట్టుకోండి. మొదటి 6 అంకెలు దాదాపు అన్ని దేశాల్లో ఒకటే, ఆ తర్వాతవి ఒక్కో దేశం సొంతంగా కలుపుకుంటుంది, కాబట్టి సరుకు చేరే దేశం కస్టమ్స్ సైట్‌లోనే చూడాలి. "బట్టలు" అని రాసి వదిలేస్తే కుదరదు. అల్లిక బట్టతో కుట్టిన కాటన్ టీషర్ట్ 6109.10, అదే పాలిస్టర్ అయితే 6109.90, రేటు కూడా మారిపోవచ్చు. అందుకే దేంతో చేశారు, దేనికి వాడతారు అన్నది కూడా రాయండి.

తయారైన దేశం దగ్గర చాలామంది తడబడతారు. పార్సిల్ ఎక్కడి నుంచి బయల్దేరిందో కాదండీ, వస్తువు ఎక్కడ తయారైందో అది రాయాలి. చైనాలో చేసింది వేరే దేశం గోడౌన్‌లో నెల రోజులు ఉన్నా చైనాదే, పెంచిన టారిఫ్ దానికి పడుతుంది.

ఇక విలువ. చాలా దేశాలు సరుకు ధరకి షిప్పింగు, ఇన్సూరెన్సు కలిపి దానిమీద డ్యూటీ వేస్తాయి, అమెరికా మాత్రం విదేశీ రవాణా ఖర్చు కలపదు. ఉదాహరణకి సరుకు 100, షిప్పింగ్ 20, ఇన్సూరెన్స్ 5 అనుకోండి, మొత్తం 125. డ్యూటీ 10 శాతం అయితే 12.50, ఆ రెండూ కలిపిన 137.50 మీద మళ్ళీ 20 శాతం వ్యాట్ 27.50, డ్యూటీ, వ్యాట్ కలిపి 40. డ్యూటీ 25 శాతానికి పెరిగితే 31.25, వ్యాట్ కూడా 31.25, అంటే 62.50! డ్యూటీ పెరగడమే కాదు, దానిమీద పడే వ్యాట్ కూడా పెరగడం వల్ల ఇంత తేడా. అలాగని విలువ తగ్గించి రాయడం, అమ్మినదాన్ని గిఫ్ట్ అనడం చేయకండి, పట్టుబడితే జరిమానా, సరుకు కూడా పోవచ్చు.

చిన్న పార్సిలే కదా అని ధీమాగా ఉండటానికీ లేదు. అమెరికాలో 800 డాలర్ల లోపు సరుకుకి ఉన్న డ్యూటీ మినహాయింపు 2025 ఆగస్టు 29న అన్ని దేశాలకీ ఎత్తేశారు, డ్యూటీ ఎవరు వసూలు చేసి ఎలా కట్టాలో తేలక అప్పట్లో చాలా దేశాల పోస్టాఫీసులు అక్కడికి పార్సిళ్ళు తీసుకోవడమే ఆపేశాయి.

తేదీ కూడా చూసుకోండి. మామూలుగా ఆర్డర్ వచ్చిన రోజు రేటు కాదు, కస్టమ్స్‌లో ఎంట్రీ పడిన రోజు రేటు లెక్క. దారిలో ఉన్న సరుకుకి ఒక్కోసారి వెసులుబాటు ఇస్తారు, 2025 ఏప్రిల్ 5 కంటే ముందే ఓడలో లోడ్ అయిన సరుకుకి అమెరికా ఇచ్చినట్టు, కానీ లోడ్ అయిన తేదీకి రుజువు కావాలి కాబట్టి బిల్ ఆఫ్ లేడింగ్ (సరుకు ఓడలోకి ఎక్కించుకున్నట్టు ఇచ్చే రసీదు) దాచుకోండి.

చివరగా డ్యూటీ ఎవరు కడతారో కొనేవాళ్ళతో ముందే మాట్లాడుకోండి. డీడీపీ (డెలివర్డ్ డ్యూటీ పెయిడ్) అనే ఒప్పందం అయితే మీరే కడతారు, కాబట్టి ధర చెప్పేటప్పుడే అది కలుపుకోవాలి. డీఏపీ (డెలివర్డ్ ఎట్ ప్లేస్) అయితే డ్యూటీ కొనేవాళ్ళ మీద పడుతుంది, డెలివరీ టైంలో బిల్లు చూసి వాళ్ళు వద్దంటే తిరుగు చార్జీ చాలావరకు మీ నెత్తినే పడుతుంది.